చిన్న నగరానికి మారాలా వద్దా: ముందు "రెండోది ఉందా?" అని అడగండి

చిన్న నగరానికి వెళ్లిపోదామా అన్న ఆలోచన చాలామందికి మూడు సందర్భాల్లో వస్తుంది. ఇంటి యజమాని అద్దె పెంచిన రోజున, ట్రాఫిక్‌లో గంటసేపు కదలకుండా ఇరుక్కున్న సాయంత్రం, సెలవులకి ఏదో ప్రశాంతమైన చోట నాలుగు రోజులు గడిపి తిరిగొచ్చిన మర్నాడు. ఈ మూడూ నిర్ణయానికి పనికిరాని సమయాలే. మొదటి రెండింటిలో కోపం, మూడోదాంట్లో మోహం. సెలవుల్లో చూసిన ఊళ్లో మనకి ఆఫీసు ఉండదు, కరెంటు బిల్లు రాదు, పిల్లల పరీక్షలు ఉండవు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

నేను రెండు వైపులా ఉండి చూశాను. పెద్ద నగరంలో పదేళ్లకు పైగా, ఆ తర్వాత చిన్న నగరంలో కొన్నేళ్లు. వెళ్లినందుకు బాధ లేదు. కానీ వెళ్లేముందు నేను వేసుకున్న లెక్కలు మూడే: అద్దె, ప్రయాణ సమయం, ఇంటి విస్తీర్ణం. ఆ మూడూ అనుకున్నట్టే జరిగాయి. లెక్కలోకి రానివి తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వెళ్లిన రెండో ఏడు పంటి చికిత్స ఒకటి సరిగా కుదరలేదు. వేరే డాక్టరుకి చూపిద్దామంటే ఆ పని చేసే వేరే డాక్టరు ఊళ్లో లేరు. కుదరని పంటితోనే మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను. చిన్న నగరం అంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది.

అసలు తేడా ఎక్కడుంది

చిన్న నగరంలో ఏమీ దొరకవని పెద్ద నగరం వాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. దాదాపు అన్నీ దొరుకుతాయి. కాకపోతే ఒక్కొక్కటే దొరుకుతాయి.

దీనికి కారణం ఉంది. జర్మన్ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ఒక విషయం చెప్పాడు: ప్రతి సేవా నిలబడాలంటే దానికి కనీసం ఇంతమంది వాడుకునేవాళ్లు ఉండాలి. రోజువారీ సరుకుల కొట్టుకి కొన్ని వందల ఇళ్లు చాలు. పసిపిల్లల గుండె ఆపరేషన్ చేసే విభాగానికి లక్షల జనాభా కావాలి. అందుకే చిన్న ఊళ్లలో కొట్లు ఉంటాయి, ఆ విభాగం పెద్ద నగరంలో ఉంటుంది. మధ్యరకం సేవలన్నీ జనాభా పెరిగేకొద్దీ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి.

ఒకటి వచ్చాక రెండోది ఎప్పుడు వస్తుందన్నదే మనకి ముఖ్యం. టిమొతీ బ్రెస్నహన్, పీటర్ రైస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1991లో దీనిమీద ఒక పరిశోధన ప్రచురించారు. పశ్చిమ అమెరికాలో విడిగా ఉన్న 202 చిన్న స్థానిక మార్కెట్లలో డాక్టర్లు, దంత వైద్యులు, మందుల షాపులు, ప్లంబర్లు, టైర్ల వ్యాపారులు ఎంతమంది ఉన్నారో చూశారు. తేలింది ఇది: ఒక్కరే ఉన్నచోట రెండో, మూడో మనిషి రాగానే పోటీ వల్ల రావాల్సిన మార్పు చాలావరకు వచ్చేస్తుంది. ఆ తర్వాత నాలుగో, అయిదో వచ్చినా పెద్దగా తేడా ఉండదు.

దీన్ని మన భాషలో చెప్పుకుంటే, పెద్ద నగరంలో నలభై మంది దంత వైద్యులున్నారని మురిసిపోవక్కర్లేదు, వాళ్లలో ముప్పై ఏడుగురి అవసరం మనకి రాదు. కానీ ఒకరికీ ముగ్గురికీ మధ్య ఉన్న తేడా మాత్రం జీవితాన్ని మార్చేంత పెద్దది. అందుకే నగరం జనాభా ఎంత అని చూడటం కంటే, మనకి ముఖ్యమైన ప్రతి విషయంలోనూ అక్కడ రెండోది ఉందా అని చూడాలి.

జనాభా అంకె కూడా కావాలంటే, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) వాడిన ఒక వర్గీకరణలో 50 వేల నుంచి 2 లక్షల వరకు చిన్న నగరం, 2 నుంచి 5 లక్షల వరకు మధ్యస్థం. దేశాన్ని బట్టి ఈ గీతలు మారిపోతాయి. 3 లక్షల జనాభా కొన్నిచోట్ల పెద్ద నగరం, కొన్నిచోట్ల ఎవరూ పట్టించుకోని ఊరు.

దేన్ని బట్టి పోల్చాలి

*రెండో ఉద్యోగం.* చేతిలో ఉన్న ఉద్యోగం గురించి అందరూ ఆలోచిస్తారు. అది పోతే అదే ఊళ్లో ఇంకొకటి దొరుకుతుందా అన్నది ఆలోచించరు. మీ పనికి జీతం ఇచ్చే సంస్థ ఊరంతటికీ ఒక్కటే అయితే, ఉద్యోగం పోకపోయినా మీకు నష్టమే. జీతం పెంచమని అడిగేటప్పుడు మీరు వేరే చోటికి వెళ్లలేరని వాళ్లకి తెలుసు. పెద్ద నగరాల్లో జీతాలు ఎక్కువ ఉండటం కూడా ఊహ కాదు. నగరాల మీద లూయిస్ బెటెన్‌కోర్, జెఫ్రీ వెస్ట్ తదితరులు 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం జనాభా రెండింతలైతే తలసరి జీతాలు రమారమి 9 శాతం ఎక్కువగా కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే, తలసరి నేరాలు కూడా దాదాపు అదే తీరులో పెరుగుతాయి.

*ఆస్పత్రికి ఎన్ని నిమిషాలు.* ఎన్ని కిలోమీటర్లు అన్నది కాదు, ఎన్ని నిమిషాలు. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, ఆ గడ్డని కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల న్యూరాన్లు (మెదడు కణాలు) నశిస్తాయని అంచనా. పెద్ద గుండెపోటు విషయంలో, 120 నిమిషాల్లోపు రక్తనాళం తెరిచే చికిత్స అందదనుకుంటే ముందు గడ్డ కరిగించే మందు ఇచ్చి తర్వాత పెద్ద ఆస్పత్రికి పంపాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి ఆస్పత్రి ఉందా అని అడిగి ఊరుకోకండి. రాత్రి రెండు గంటలకి స్కాన్ తీసి చదివేవాళ్లు ఉన్నారా, రక్తనాళం తెరిచే విభాగం ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుందా, లేకపోతే అది ఉన్నచోటికి అంబులెన్స్‌లో ఎంతసేపు పడుతుంది అని అడగండి. ట్రాఫిక్‌లో పెద్ద నగరం వాళ్లకీ ఇది చిన్న సమస్య కాదు. పది కిలోమీటర్ల దూరంలో గొప్ప ఆస్పత్రి ఉండి గంటన్నర పడితే, ఆ గొప్పతనం దారిలోనే కరిగిపోతుంది.

*రోజులో మిగిలే సమయం.* మనుషులు సగటున రోజుకి గంట చొప్పున ప్రయాణం మీద పెడతారని యాకొవ్ జహావీ అనే పరిశోధకుడు గమనిస్తే, ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో దాన్ని చరిత్ర పొడవునా నగరాల విస్తీర్ణానికి అన్వయించాడు. నడిచే కాలంలో నగరం చిన్నది, రైళ్లు వచ్చాక పెద్దది, కార్లు వచ్చాక ఇంకా పెద్దది. గంట మాత్రం గంటే. ఆ గంట దాటి రోజూ రెండు, మూడు గంటలు రోడ్డు మీద గడిపేవాళ్లకి చిన్న నగరం ఇచ్చేది అన్నిటికంటే విలువైన బహుమతి. ఆఫీసుకి 45 నిమిషాల బదులు 15 నిమిషాలే పడితే రానూపోనూ రోజుకి గంట మిగులుతుంది. ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే 240 గంటలు.

*స్నేహాలు.* పై లెక్కకీ దీనికీ సంబంధం ఉంది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితుడు కావడానికి 90 గంటలు, ఆప్తుడు కావడానికి 200 గంటల పైన కలిసి గడపాలి. అంటే ప్రయాణంలో మిగిలిన ఏడాది సమయమంతా పెడితే ఒక్క ఆప్తుడు! కొత్త ఊళ్లో మొదటి ఏడాది ఒంటరిగా అనిపించడం ఊరి తప్పూ కాదు, మీ తప్పూ కాదు. గంటలు ఇంకా నిండలేదంతే. దీన్ని లెక్కలో వేసుకోకుండా వెళ్లి, ఎనిమిది నెలలకే "ఇక్కడి జనం కలవరు" అని తిరిగొచ్చేసినవాళ్లని చూశాను.

*తిరుగుదారి.* అన్నిటికంటే తక్కువగా ఆలోచించేది ఇదే. పెద్ద నగరం నుంచి చిన్న నగరానికి వెళ్లడం పల్లంలోకి దిగడం లాంటిది, తిరిగి రావడం ఎక్కడం లాంటిది. మీరు లేని నాలుగేళ్లలో అక్కడి అద్దెలు పెరిగిపోతాయి, స్కూళ్లలో సీట్లు నిండిపోతాయి, మీరు అమ్ముకున్న ఇల్లు మళ్లీ కొనలేని ధరకి చేరుతుంది.

గాలి, శబ్దం, పచ్చదనం లాంటివి ఊరిని బట్టి ఉంటాయి. చిన్న నగరం అనగానే మంచి గాలి అనుకోవద్దు. పక్కన పెద్ద కర్మాగారమో, కొండల మధ్య గాలి కదలని లోయో ఉంటే పెద్ద నగరమే నయం.

నాలుగు దారులు, పక్కపక్కన

"వెళ్లాలా, ఉండాలా" అని రెండే దారులు పెట్టుకోవడం వల్ల సగం టెన్షన్ వస్తుంది. నిజానికి దారులు నాలుగు.

| చూడాల్సింది | పెద్ద నగరంలోనే, పనికి దగ్గరగా | శివారు | పెద్ద నగరానికి గంటా గంటన్నర దూరంలో చిన్న నగరం | దూరంగా, విడిగా ఉన్న చిన్న నగరం |
|---|---|---|---|---|
| ఇంటి ఖర్చు | చాలా ఎక్కువ, ఇల్లు చిన్నది | మధ్యస్థం | తక్కువే, కానీ పెరుగుతూ ఉంటుంది | అన్నిటికంటే తక్కువ |
| రోజువారీ ప్రయాణం | తక్కువ | ఎక్కువ | ఊళ్లోనే పనైతే తక్కువ, రోజూ నగరానికి వెళ్తే దారుణం | చాలా తక్కువ |
| ఉద్యోగం పోతే | ఇంకొకటి దొరకొచ్చు | దొరకొచ్చు, ప్రయాణం పెరగొచ్చు | నగరంలో వెతుక్కోవచ్చు | ఊరే మారాల్సి రావచ్చు |
| అరుదైన జబ్బుకి స్పెషలిస్టు | పలువురు | నగరంలో పలువురు | ఒక పూట ప్రయాణం | ఒకటి రెండు రోజుల ప్రయాణం |
| మనుషులతో పరిచయం | వెతికితే మీలాంటివాళ్లు దొరుకుతారు | కష్టం | మధ్యస్థం | త్వరగా, వద్దన్నా |
| ఇల్లు అమ్మి బయటపడటం | సులువు | ఫర్వాలేదు | ఫర్వాలేదు | నెలలు పట్టొచ్చు |

పెద్ద నగరంలోనే ఇల్లు మారడం

దీన్ని ఎవరూ ఒక దారిగా లెక్కపెట్టరు. మీ అసలు సమస్య నగరం కాదు, ప్రయాణమే అయితే ముందు దీని ఖర్చు కట్టి చూడండి. పనికి ఇరవై నిమిషాల దూరంలో, ఇప్పుడున్న దానికంటే ఒక గది తక్కువ ఉన్న ఇల్లు. కారు అమ్మేస్తే ఎంత మిగులుతుంది? రోజుకి రెండు గంటలు చేతికొస్తే ఎంత? చాలామంది చిన్న నగరంలో వెతుక్కునేది ఇక్కడే దొరకొచ్చు. ఇక ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా మీకు ఈ నగరం నచ్చడం లేదంటే, అది ప్రయాణ సమస్య కాదు. అప్పుడు మిగతా దారులు చూడాలి.

కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకి నా సలహా కూడా ఇదే. హోర్హే డి లా రోకా, డియెగో పూగా అనే ఆర్థికవేత్తలు స్పెయిన్ ఉద్యోగుల వివరాలతో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద నగరంలో సంపాదించిన అనుభవం విలువ చిన్న చోటికి మారాక కూడా చాలావరకు నిలుస్తుందని తేలింది. అంటే నేర్చుకునే ఏళ్లు పెద్ద నగరంలో గడిపి తర్వాత కదిలితే, నేర్చుకున్నది మీతోపాటే వస్తుంది. ముందే చిన్న నగరంలో స్థిరపడి తర్వాత నేర్చుకుందాం అంటే, నేర్పేవాళ్లు అక్కడ తక్కువమంది ఉంటారు.

శివారు

నిర్మొహమాటంగా చెప్పాలంటే, శివారు చాలామంది విషయంలో రెంటికీ చెడ్డ రేవడి. ధర పెద్ద నగరానికి దగ్గరగా, ప్రయాణం అన్నిటికంటే దూరంగా. కొత్త రోడ్డు వేసిన రోజున "నలభై నిమిషాల్లో వెళ్లిపోవచ్చు" అంటారు. ఆ మాట విని అందరూ వచ్చి చేరతారు, మూడేళ్లకి ఆ నలభై గంటా ఇరవై అవుతుంది. మార్కెట్టి చెప్పిన గంట మళ్లీ వచ్చి కూర్చుంటుంది, ఈసారి ఇంకా ఎక్కువ దూరానికి.

ఇది సరిపోయేవాళ్లు ఉన్నారు. ఇద్దరిలో ఒకరి పని ఆ వైపే ఉండాలి, లేదా మంచి రైలు సౌకర్యం నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. రాబోయే రైలు కాదు, నడుస్తున్న రైలు.

పెద్ద నగరం పక్కన ఉన్న చిన్న నగరం

నాలుగు దారుల్లో ఎక్కువమందికి సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. దీనికి కారణం ఆ ఊరి గొప్పతనం కాదు. ఇక్కడ మీకు "రెండోది" కావాల్సినప్పుడు అది గంటన్నర దూరంలో ఉంటుంది. స్పెషలిస్టుని చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఉద్యోగం పోతే ఇల్లు కదలకుండా పెద్ద నగరంలో వెతుక్కోవచ్చు, వారానికి రెండు రోజులు వెళ్లి రావచ్చు. పాత స్నేహితులు మొహం మర్చిపోరు.

ఒక్క షరతు ఉంది. ఆ ప్రయాణం వారానికి రెండు రోజులు దాటకూడదు. వారానికి ఒకటి రెండుసార్లయితే మూడు గంటల ప్రయాణం పుస్తకం చదువుకునే సమయం. అయిదుసార్లయితే అది ఇంకో ఉద్యోగం. "ఇప్పుడు వారానికి రెండు రోజులే ఆఫీసుకి రమ్మంటున్నారు" అని మారేవాళ్లు, ఆ రెండు ఒక్క ఈమెయిల్‌తో అయిదు కాగలవని గుర్తుంచుకోవాలి. మీ నియామక పత్రంలో పనిచేసే చోటు ఏదని రాసి ఉందో తీసి చదవండి. మేనేజర్ మాట మంచిదే కావచ్చు, మేనేజర్ మారతాడు.

ఈ ఊళ్ల ఇంకో బలహీనత, సొంత జీవితం లేకపోవడం. పగలు ఊరు ఖాళీ, రాత్రి నిద్ర. సాయంత్రం ఏడింటికి ప్రధాన వీధిలో నడిచి చూస్తే తెలిసిపోతుంది.

దూరంగా, విడిగా ఉన్న చిన్న నగరం

అన్ని చిన్న నగరాలూ ఒకటి కావు, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఆ నగరం దేనిమీద బతుకుతోందో ముందు తెలుసుకోవాలి.

విశ్వవిద్యాలయం మీద బతికే ఊరు తన జనాభాకి మించి ఉంటుంది. పుస్తకాల షాపులు, మంచి ఆస్పత్రి, బయటి నుంచి వచ్చిన మనుషులు, కొత్తవాళ్లని వింతగా చూడని వాతావరణం. కానీ అద్దెలు విద్యార్థుల వల్ల ఎక్కువ, స్నేహితులు నాలుగేళ్లకోసారి మారిపోతారు.

చుట్టుపక్కల ప్రాంతానికంతటికీ కేంద్రంగా ఉన్న ఊరు, అంటే కోర్టు, పెద్ద మార్కెట్, ప్రధాన ఆస్పత్రి ఉన్నది, నా లెక్కలో అన్నిటికంటే స్థిరమైనది. లక్షన్నర జనాభా ఉన్నా చుట్టూ అయిదారు లక్షల మంది దాన్ని వాడుకుంటారు. అందుకే అక్కడ రెండో డాక్టరు, రెండో బడి, రెండో మెకానిక్ ఉంటారు. క్రిస్టాలర్ చెప్పింది ఇలాంటి ఊళ్ల గురించే.

ఒకే పరిశ్రమ మీద నిలబడ్డ ఊరితో జాగ్రత్త. ఆ పరిశ్రమ బాగున్నంతకాలం జీతాలు బాగుంటాయి, ఇళ్లు అమ్ముడుపోతాయి. అది దెబ్బతిన్న రోజున మీ ఉద్యోగం, మీ ఇంటి విలువ, మీ భార్య లేదా భర్త పనిచేసే షాపు, మూడూ ఒకేసారి పడిపోతాయి. అలాంటి ఊళ్లో పనిచేయండి, అద్దెకి ఉండండి, ఇల్లు మాత్రం కొనకండి.

పర్యాటకుల మీద బతికే ఊరు చూడటానికి అందంగా ఉంటుంది, ఉండటానికి రెండు ముఖాలు. ఒక కాలంలో రోడ్డు మీద నడవలేం, ఇంకో కాలంలో తలుపు తెరిచిన షాపు ఉండదు. అద్దె మాత్రం ఏడాది పొడవునా మొదటి కాలం లెక్కే.

ఇంకొక మాట, ధర చవగ్గా ఉందంటే ఎందుకు చవక అని అడగాలి. స్థలం ఎక్కువ ఉండి చవకైతే మంచిదే. జనం వెళ్లిపోతూ ఉండటం వల్ల చవకైతే అది వేరే కథ. ఇళ్లు మనుషులంత త్వరగా మాయం కావు కాబట్టి, తరుగుతున్న నగరాల్లో ఇంటి ధర కట్టడానికయ్యే ఖర్చుకంటే కూడా కిందికి పడిపోతుంది. ఇంటి ధరని ఏడాది అద్దెతో భాగించి చూడండి. పది, పన్నెండు వస్తే కొనడం లాభంలా కనిపిస్తుంది, ముప్పై వస్తే అద్దె నయం. కానీ తరుగుతున్న ఊళ్లో ఎనిమిది వచ్చినా తొందరపడొద్దు. ఆ ఎనిమిది, అక్కడివాళ్లు రేపటి గురించి ఏమనుకుంటున్నారో చెప్పే అంకె.

ఖర్చుల గురించి ఒక భ్రమ కూడా. చిన్న నగరంలో తగ్గేది ప్రధానంగా ఇంటి ఖర్చు, మనుషులతో చేయించుకునే పనుల ఖర్చు. ఫోను, కంప్యూటర్, కారు, ఇన్సూరెన్స్ ఎక్కడైనా దాదాపు ఒకే ధర. పైగా బస్సులు తక్కువైతే ఇంటికి రెండో బండి కావాలి, విమానాశ్రయం దూరమైతే ప్రతి ప్రయాణానికీ ఒక రాత్రి అదనం. అద్దె సగమైంది కాబట్టి ఖర్చు సగమవుతుందనుకోవడం తప్పు.

ఎవరికి ఏది

రిమోట్‌గా పనిచేసేవాళ్లకి ఇది అన్నిటికంటే సులువైన నిర్ణయంలా కనిపిస్తుంది. పెద్ద నగరం జీతం, చిన్న నగరం అద్దె. ఆ జీతం మీద ఇంటి అప్పు తీసుకోనంతవరకు నిజంగానే సులువు. జీతం ఒక చోటిది, అప్పు ఇంకో చోటిది అయినప్పుడు, ఉద్యోగం పోతే ఊళ్లో దొరికే జీతంతో ఆ వాయిదా కట్టగలరా? అదొక్కటే చూసుకోండి. ఇంటర్నెట్ విషయంలోనూ రెండోది ఉండాలి. ఒక కంపెనీ లైను తెగితే ఇంకో కంపెనీది ఆ వీధికి వస్తుందా అని పక్కింటివాళ్లని అడగండి, ప్రకటన చూసి నమ్మకండి.

ఇద్దరూ ఉద్యోగం చేసే జంటకి ఇది అన్నిటికంటే కష్టం. అమెరికాలో బాగా చదువుకున్న జంటలు పెద్ద నగరాల్లోనే ఎక్కువగా ఉండటానికి ఇద్దరికీ ఒకే చోట పని దొరకడం ఒక ముఖ్య కారణమని డోరా కోస్టా, మాథ్యూ కాన్ 2000లో చూపించారు. ఒకరికి మంచి ఉద్యోగం దొరికిందని మారి, రెండోవారు "ఏదో ఒకటి చూసుకుంటారులే" అనుకోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ రెండోవారు ఎవరవుతారో చెప్పనక్కర్లేదు. మారాక రెండేళ్లకి ఇద్దరిలో ఎవరి జీవితం చిన్నదవుతుందో కాగితం మీద రాసుకుని మాట్లాడుకోండి, వెళ్లాక కాదు, వెళ్లేముందు.

పిల్లలున్నవాళ్లు పిల్లల ఇప్పటి వయసు కాదు, అయిదేళ్ల తర్వాతి వయసు చూడాలి. ఆరేళ్ల పిల్లలకి చిన్న నగరం స్వర్గం. వీధిలో ఆడుకోవచ్చు, బడికి నడిచి వెళ్లొచ్చు. అదే పిల్లలు పదిహేనేళ్లవాళ్లయితే ఊరు మూడు వీధులైపోతుంది. బడి విషయంలో కూడా ఒకటే మంచి బడి ఉంటే, అందులో టీచరుతోనో తోటి పిల్లలతోనో పడకపోతే మార్చడానికి చోటుండదు. పిల్లల మీద చిన్న నగరంలో పడే ముద్ర చెరగదు. పదకొండేళ్లప్పుడు తగిలించిన మారుపేరు పద్దెనిమిదేళ్ల దాకా వెంట వస్తుంది. పదమూడు దాటిన పిల్లలుంటే, చదువు మధ్యలో కదల్చడం కంటే ఆగడమే మంచిదని నా ఉద్దేశం.

ఒంటరిగా ఉండేవాళ్ల సంగతి వేరు. జర్మన్ సమాజ శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1903లోనే రాశాడు: మహానగరంలో మనుషులు ఒకరితో ఒకరు అంటీముట్టనట్టు ఉంటారు, అయితే ఆ దూరమే వాళ్లకి స్వేచ్ఛ కూడా ఇస్తుంది. చిన్న నగరంలో దీనికి తలకిందులు. మీకు జ్వరం వస్తే నలుగురికి తెలుస్తుంది, మీ ఇంటికి ఎవరొచ్చారో కూడా అదే నలుగురికి తెలుస్తుంది. మొదటిది కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు. నలుగురి దారికి భిన్నంగా బతికేవాళ్లు, ఇంకా తోడు వెతుక్కుంటున్నవాళ్లు పెద్ద నగరాన్ని వదిలేముందు బాగా ఆలోచించాలి.

రిటైరయ్యేవాళ్లు అరవై అయిదేళ్ల మనిషిగా ఇల్లు చూస్తారు, ఎనభై ఏళ్ల మనిషిగా అందులో ఉంటారు. బండి నడపలేని రోజున మందుల షాపుకి ఎలా వెళ్తారు? కేంద్రంగా ఉన్న చిన్న నగరంలో, ప్రధాన వీధికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు దొరికితే ఈ వయసుకి అంతకంటే మంచిది లేదు. ఊరి చివర తోట ఉన్న ఇల్లు మొదటి పదేళ్లకే. డయాలసిస్ లాంటి వారానికి మూడుసార్లు వెళ్లాల్సిన చికిత్స ఉన్నవాళ్లు ఆ చికిత్స ఇచ్చే చోటు నుంచి లెక్క మొదలుపెట్టాలి, ఇంటి నుంచి కాదు.

సొంత వ్యాపారం పెట్టేవాళ్లకి చిన్న నగరంలో పోటీ తక్కువగా ఉండటం లాభమే. ఇన్నాళ్లూ లేదని బాధపడ్డ "రెండోది" మీరే అవుతారు. కాకపోతే ఒక్క కస్టమర్‌తో గొడవపడినా ఊరంతా తెలుస్తుంది.

వెళ్లి చూసేటప్పుడు

సెలవుల్లో వెళ్లకండి. ఏడాదిలో వాతావరణం అన్నిటికంటే చెడ్డగా ఉండే నెలలో, పనిదినాల్లో, వారం రోజులు ఉండేలా వెళ్లండి. అక్కడ మామూలుగా మీరు చేసే పనే చేయండి, ఆఫీసు పనితో సహా.

- దంత వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసి ఎన్ని రోజులకి ఇస్తారో చూడండి. వెళ్లక్కర్లేదు, తేదీ తెలిస్తే చాలు.
- రాత్రి పది దాటాక తెరిచి ఉండే మందుల షాపు ఎక్కడుందో వెతకండి.
- అమ్మకానికి పెట్టిన ఇళ్ల జాబితా ఇప్పుడొకసారి, మూడు నెలల తర్వాత ఇంకోసారి చూడండి. అవే ఇళ్లు అలాగే ఉంటే, రేపు మీ ఇల్లు కూడా అలాగే ఉంటుంది.
- బయటి నుంచి వచ్చి మూడేళ్లుగా ఉంటున్నవాళ్లని ఇద్దరిని పట్టుకోండి. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఊరి గురించి చెప్పేది నిజమే, కానీ అది మీకు జరగబోయేది కాదు.
- పదహారేళ్ల పిల్లల్ని సాయంత్రాలు ఏం చేస్తారని అడగండి. వాళ్లు మొహమాటపడరు.

నచ్చితే, ఒక ఏడాది అద్దెకి వెళ్లండి. పెద్ద నగరంలో సొంత ఇల్లు ఉంటే అమ్మకుండా అద్దెకి ఇవ్వండి. ఈ ఏడాదిలో రెండు అద్దెల మధ్య కొంత డబ్బు పోతుంది. దాన్ని నష్టం అనుకోకండి, ఇల్లు కొని అమ్ముకోలేక పోగొట్టుకునేదాంతో పోలిస్తే అది చిల్లర. సామాన్లన్నీ తీసుకెళ్లకండి కూడా. ఏడాది పాటు ఎవరింట్లోనో దాచినవి గుర్తుకే రాకపోతే, అవి అవసరం లేదని తేలుతుంది.

వెళ్లిన రోజునే క్యాలెండర్‌లో రెండు తేదీలు రాసుకోండి. ఒకటి తొమ్మిదో నెలది, అద్దె ఒప్పందం పొడిగించాలా వద్దా అని ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి. ఆరో నెలలో మాట్లాడుకోవద్దు, అప్పటికి ఆప్తుడికి కావాల్సిన ఆ 200 గంటలు నిండవు, అందరికీ ఏడుపే వస్తుంది. రెండోది బడుల్లో దరఖాస్తులు తీసుకునే గడువుకి నెల ముందు తేదీ, రెండు నగరాలదీ.